మూత కింద వెన్న

కౌంటర్ మీద పెట్టిన చిన్న ప్లాస్టిక్ డబ్బాను చూసి అమ్మలు రెండడుగులు వెనక్కి వేసింది.

ఎర్ర మూత, పక్కన అంటించిన తెల్ల కాగితం, దాని మీద తేదీ, టైమ్. అలాంటి డబ్బాలు ఎక్కడ ఇస్తారో, వాటిలో ఏం పట్టి తెమ్మంటారో ఆమెకు తెలుసు.

"సార్, ఇది కార్ల షెడ్డు. ఆస్పత్రి పక్క వీధిలో."

"తెలుసండీ. నేను అక్కడే పనిచేస్తాను, ల్యాబ్‌లో." చలికి అతని ముక్కు కొస ఎర్రబడి ఉంది. "ఇది కారు శాంపిలే. ఆయిల్ పోసే మూత ఉంటుంది కదా, దాని కింద ఉంది. పొద్దున్నే పరగడుపున తీశాను."

"పరగడుపున ఎవరు? మీరా, కారా?"

"ఇద్దరమూనండీ."

అమ్మలు నవ్వు ఆపుకుని డబ్బా మూత తిప్పింది. లోపల పచ్చటి తెలుపులో, అప్పుడే మజ్జిగలోంచి తీసిన వెన్నలా ముద్ద ఒకటి అంటుకుని ఉంది. మూడు వారాలుగా పొగమంచు షెడ్డు గుమ్మం దాటి లోపలికే వస్తోంది. పానాలు పట్టుకుంటే వేళ్ళు కొంకర్లు పోతున్నాయి.

చేతులు తుడుచుకుంటూ నాన్న వచ్చాడు. ముప్పై ఏళ్ళుగా ఆ షెడ్డు ఆయనది. వెన్నను వేలితో తీసి వాసన చూసి, "హెడ్ గాస్కెట్ పోయింది బాబూ. నీళ్ళు ఆయిల్లో కలుస్తున్నాయి. ఇంజన్ విప్పాలి," అన్నాడు.

"విప్పితే బతుకుతుందాండీ?"

"విప్పాక చెప్తాను."

"మా దగ్గరా అలాగే అంటారు," అన్నాడతను దిగులుగా. "ఇది మా అక్క కారండీ. పెళ్ళయి వెళ్తూ నాకిచ్చింది. ఏడాదికోసారి వచ్చి చూసి పోతుంది. నన్ను కాదు, దీన్ని."

వాళ్ళు మాట్లాడుకుంటుండగానే అమ్మలు బయటికి వెళ్ళి బోనెట్ ఎత్తింది. ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ లాగి తుడిచి, మళ్ళీ ముంచి లాగింది. ఆయిల్ తేనె రంగులో ఉంది. తెలుపు మచ్చయినా లేదు.

"రోజూ ఎంతసేపు నడుపుతారు?" అంది లోపలికి వచ్చి.

"ఇంటి నుంచి ల్యాబ్‌కి నాలుగు నిమిషాలు."

"సాయంత్రం?"

"ల్యాబ్ నుంచి ఇంటికి. అదీ నాలుగే. సిగ్నల్ పడితే ఐదు."

"ఆదివారం?"

"ఆదివారం రెస్ట్ ఇస్తానండీ. పాపం, పాత కారు కదా."

అమ్మలు నాన్న వైపు తిరిగింది. "గాస్కెట్ కాదు నాన్నా. గాస్కెటే పోతే కింద ఆయిల్ కూడా పాలు కలిపిన టీలా మారాలి. ఇది చలి. ఇంజన్ వేడెక్కకముందే ఈయన ఆపేస్తున్నారు. లోపలి చెమ్మ పైకి లేచి మూతకి పడుతోంది."

"అంటే?" అన్నాడు కారు మనిషి.

"పొయ్యి మీద నీళ్ళగిన్నె పెట్టి మూత వేశారనుకోండి. కాస్త వెచ్చబడగానే కట్టేస్తే మూత కింద చెమట పడుతుంది. బాగా మరగనిస్తే ఆవిరి బయటికి పోతుంది. మీ ఇంజన్‌కి మరిగే అదృష్టం మీరెప్పుడూ ఇవ్వలేదు."

నాన్న తల అడ్డంగా ఊపాడు. "ఇరవై ఏళ్ళ కిందట ఒకాయనకి నేనూ ఇదే చెప్పాను అమ్మలూ. చలి, ఏం కాదు, తిప్పండి అన్నాను. పిల్లలతో వెళ్తుంటే ఊరికి దూరంగా ఇంజన్ పట్టేసింది. తెల్లవార్లూ చలిలో కూర్చున్నారు. అప్పట్నుంచీ మూత కింద తెలుపు కనపడితే విప్పి చూడకుండా వదల్లేదు."

షెడ్డులో పని అందరూ చేస్తారు. జాబ్ కార్డులో 'లోపం' అన్న గడి మాత్రం నాన్న ఒక్కడే నింపుతాడు. బ్రేకులు, క్లచ్చులు, గేర్ బాక్సులు, ఏడేళ్ళలో అమ్మలు చెయ్యి పెట్టనిది లేదు. ఆ గడిలో మాత్రం ఒక్క అక్షరం రాయలేదు. బండికి ఏమైందో చెప్పేవాడే మెకానిక్కు, మిగిలినవాళ్ళు పనివాళ్ళు. ఆ మాట నాన్నదే.

"ఈ కార్డు నన్ను రాయనీ," అంది.

మూలన చక్రం బిగిస్తున్న బాబాయి చెయ్యి ఆపి అన్నగారి మొహం చూశాడు.

నాన్న జేబులోని పెన్ను తడుముకున్నాడు. "పది రోజులు తిప్పించు. మూత మళ్ళీ తెల్లబడకుండా, ఇంజన్‌ని చల్లబరిచే కూలెంట్ నీళ్ళు తగ్గకుండా ఉంటే గడి నువ్వే నింపు. ఇదొక్కటే కాదు, ఇక ముందు వచ్చేవన్నీ. తగ్గిందో, ఈ పెన్ను మళ్ళీ అడగొద్దు."

"సరే."

అమ్మలు మూత కడిగి బిగించింది. అరగంట ఇంజన్ ఆన్‌లో ఉంచి చప్పుడు వింది, పొగ వాసన చూసింది. తర్వాత కూలెంట్ డబ్బా మీద, ఆకుపచ్చ నీళ్ళు ఎంతవరకు ఉన్నాయో అంతవరకు, నల్ల మార్కర్‌తో గీత గీసింది. అతను సంచిలోంచి సిరంజి తీశాడు.

"ఇదెందుకు?"

"మొదటి రోజు శాంపిల్ లేకుండా మేం దేన్నీ నమ్మమండీ," అని, ఎగిసే ఆవిరికి భయపడుతూ, కూలెంట్ డబ్బా మూత కాస్త చల్లారేదాకా ఆగి, చెంచాడు నీళ్ళు తీసి సీసాలో పోసి తేదీ రాసుకున్నాడు. తీసినంత కూలెంట్ అమ్మలు మళ్ళీ పోసింది. ఆ రోజు నుంచి షెడ్డులో అతని పేరు శాంపిల్ అయిపోయింది.

"రోజూ సాయంత్రం నలభై నిమిషాలు, ఊరి చుట్టూ ఉన్న పెద్ద రోడ్డు మీద, ఆపకుండా నడపాలి," అంది అమ్మలు.

"మధ్యలో ఏమన్నా అయితే?"

"ఫోన్ చేయండి."

"నడుపుతూ ఫోన్ చేయకూడదు కదండీ. ఆపకూడదని మీరే అన్నారు."

అందుకని మొదటి రోజు అమ్మలు ముందు సీట్లో కూర్చుంది. రెండో రోజు ఇంజన్ చప్పుడు వినడానికి కూర్చుంది. మూడో రోజు అద్దం ముందు జడ విప్పి మళ్ళీ వేసుకుంటుంటే, "ఇంజన్‌కి జడ కనపడుతుందటే?" అంది అమ్మ, టీ ఫ్లాస్కు అందిస్తూ.

కారులో అతను మాట్లాడుతూనే ఉండేవాడు. "మనుషులు అబద్ధాలు చెప్తారండీ. శాంపిల్ చెప్పదు. పరగడుపున వచ్చానంటారు, మీసానికి పంచదార ఉంటుంది."

"నా మీసానికి లేదు, చూసుకోండి."

అతను నిజంగానే చూశాడు. "రోడ్డు చూడండి," అంది అమ్మలు. తను మాత్రం కిటికీ వైపు తిరిగింది.

ఐదో రోజు వాన. అద్దాలన్నీ లోపలి నుంచి మసకబారిపోయాయి. అమ్మలు జేబులోంచి గుడ్డ తీసి అతని వైపు అద్దం గబగబా తుడిచింది. రోడ్డు కనపడింది గానీ, గ్రీజు మరకలోంచి కనపడింది. "ఇప్పుడు వాన కూడా మీ షెడ్డులోంచే పడుతున్నట్టుంది," అన్నాడు. ఇద్దరూ ఎంత నవ్వారంటే, దిగాల్సిన మలుపు దాటిపోయి నలభై నిమిషాలు కాస్తా డెబ్బై అయ్యాయి.

తిరిగొచ్చిన ప్రతి సాయంత్రం బోనెట్ ఎత్తి కూలెంట్ డబ్బా చూసేది. తొమ్మిది సాయంత్రాలూ నీళ్ళు సరిగ్గా గీత మీదే ఉన్నాయి.

"పదో రోజు నేను చూస్తాను. చల్లటి ఇంజన్ మీద చూస్తాను," అన్నాడు నాన్న. అందుకని తొమ్మిదో సాయంత్రం కారు షెడ్డులోనే ఉంచి వెళ్ళారు.

మర్నాడు పొద్దున అమ్మలు, శాంపిల్ ఒకేసారి గుమ్మంలో కలిశారు. నాన్న అప్పటికే వచ్చి ఉన్నాడు. అమ్మలు ఆయిల్ మూత తిప్పి వెలుగులో పెట్టింది. నల్లగా, తళతళలాడుతూ ఉంది. డబ్బాలో నీళ్ళు గీత మీద ఉన్నాయి.

"ఇంకేం, గెలిచావు. రాసుకో," అని నాన్న పెన్ను చాపాడు. ఆమె మొహం చూడలేదు.

అమ్మలు పెన్ను అందుకుంది.

"ఒక్క నిమిషమండీ," అన్నాడు శాంపిల్. అలవాటు ప్రకారం డబ్బాలోంచి చెంచాడు తీసి సీసాలో పోశాడు. మొదటి రోజు సీసా పక్కన పెట్టి రెండూ వెలుగుకి ఎత్తాడు. ఒకటి చిక్కటి ఆకుపచ్చ. రెండోది వెలిసిపోయిన చీర రంగు.

"దీంట్లో ఎవరో మంచినీళ్ళు పోశారు," అన్నాడు నెమ్మదిగా.

అమ్మలు చేతిలో పెన్ను ఆగిపోయింది. "మీరు పోశారా?"

"నేను పోస్తే సీసా ఎందుకు తీస్తానండీ?"

"నా వంక చూడొద్దు, నేను ఇప్పుడే వచ్చాను," అన్నాడు బాబాయి.

అందరూ నాన్న వైపు తిరిగారు. ఆయన అప్పటికే శుభ్రంగా ఉన్న పానాను తుడుస్తున్నాడు.

"తలుపు తీయగానే చూశాను," అన్నాడు చివరికి. "నీళ్ళు గీతకి వేలెడు కిందున్నాయి. టీ గ్లాసుతో మంచినీళ్ళు పోశాను. నలుగురి ముందూ నీ తల వంగడం చూడలేకపోయాను అమ్మలూ. వారంలో ఏదో వంక పెట్టి ఇంజన్ నేనే విప్పేద్దామనుకున్నాను."

"నన్ను గెలిపించడానికి పోశావు. అంటే ఓడిపోతాననే అనుకున్నావు."

అమ్మలు పెన్ను కౌంటర్ మీద పెట్టేసింది. వేలెడు. పోయిన నీళ్ళు ఎక్కడికి పోయినట్టు? తనే తప్పు చెప్పిందా? ఆసరాకి ఇంజన్ మీద చెయ్యి వేసింది. ఇనుము మంచులా చల్లగా తగిలింది.

చెయ్యి తీయకుండా అలాగే నిలబడింది.

"బాబాయ్, నేను గీత గీసినప్పుడు ఇంజన్ ఎలా ఉంది?"

"అరగంట తిప్పావు కదా. చెయ్యి పెడితే కాలింది."

"తొమ్మిది రోజులూ నేను చూసింది కూడా తిరిగొచ్చాకే. వేడికి నీళ్ళు పొంగుతాయి, చల్లారితే దిగుతాయి. వేడి మీద గీత గీసి చలి మీద చూస్తే వేలెడు కిందే ఉంటాయి." ఆమె నాన్న వైపు తిరిగింది. "గీత తప్పు నాన్నా. అది నా తప్పే. ఇంజన్‌ది కాదు. ఏ గ్లాసుతో పోశావో అది ఇటివ్వు."

నాన్న తన టీ గ్లాసు తెచ్చిచ్చాడు. ఎంతవరకు పోశాడో గోటితో చూపించాడు. శాంపిల్ తన రెండో సీసాలోది గ్లాసులో పోసి, మిగతాది సిరంజితో డబ్బాలోంచి లాగి, గోరు చూపించినంతవరకు నింపాడు. డబ్బాలో నీళ్ళు వేలెడు దిగాయి.

"నలభై నిమిషాల్లో వస్తాం," అంది అమ్మలు. "అప్పుడు గీత మీదకి రాకపోతే పెన్ను నీదే."

కారు పెద్ద రోడ్డెక్కింది. రేడియో ఏదో పాడుతోంది.

"ఆ ఒక్క నిమిషం నోరు మూసుకుని ఉంటే మీ సొమ్మేం పోయేది?" అంది.

"మీరు గెలిచేవారు."

"మరి?"

"మీరు చెప్పింది తప్పని అనుమానం ఉన్నవాళ్ళు దాస్తారండీ. నాకు లేదు. అందుకే సీసాలు బయట పెట్టాను."

అమ్మలు టెంపరేచర్ ముల్లు వైపు చూస్తూ ఉండిపోయింది. ఏడేళ్ళలో ఆ మాట ఆమెతో ఎవరూ అనలేదు.

మళ్ళీ అతనే అన్నాడు. "ఒకటి అడగనా? నేను తిరిగొచ్చాక నీళ్ళు చూస్తే సరిపోయేదిగా. మీరు రోజూ ఎందుకు వచ్చారు?"

"ఇంజన్ చప్పుడు వినడానికి."

"రేడియో పెట్టమన్నది మీరే కదండీ."

అమ్మలు చెవులు వేడెక్కాయి, ఇంజన్ కన్నా ముందే. "మీరు చెప్పదలుచుకున్నది చెప్పండి."

"అంతా చెప్పాలంటే గంట పడుతుంది. మనకి పన్నెండు నిమిషాలే ఉన్నాయి."

"ముఖ్యమైనది చెప్పండి. మిగతాది రేపు."

"మీరు పక్కన లేకపోతే నాకు ఆ నాలుగు నిమిషాలు కూడా నడపాలని లేదు."

"రోడ్డు చూసి నడపండి," అంది అమ్మలు. అని, చెయ్యి చాపి రేడియో కట్టేసింది.

షెడ్డు ముందు నాన్న, బాబాయి నిలబడే ఉన్నారు. అమ్మ కూడా ఫ్లాస్కుతో వచ్చేసింది. ఇంజన్ ఆపకముందే బాబాయి బోనెట్ ఎత్తాడు. నాన్న కళ్ళజోడు పెట్టుకుని డబ్బా మీదకి వంగాడు.

ఆకుపచ్చ నీళ్ళు గీతకి వెంట్రుక ఎగువనా లేవు, దిగువనా లేవు.

ఆయన చాలాసేపు లేవలేదు. లేచాక కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇరవై ఏళ్ళుగా ఎన్ని ఇంజన్లు ఊరికే విప్పానో," అన్నాడు. పెన్ను తెచ్చి కూతురి చొక్కా జేబుకి తనే తగిలించాడు. "ఇది ఇక ఇక్కడే ఉంటుంది. ఇంకెప్పుడూ నీకోసం నీళ్ళు పోయను."

"పోయాల్సిన అవసరమూ రాదు," అంది అమ్మలు, తల ఎత్తి.

జాబ్ కార్డు కౌంటర్ మీద పరిచి గడి నింపింది. లోపం: ఇంజన్‌లో లేదు. చలిలో చిన్న ప్రయాణాలు. చేయాల్సింది: ఆయిల్ మార్చడం, రోజూ నలభై నిమిషాలు నడపడం.

నాన్న కార్డు చదివి, శాంపిల్ మొహం, కూతురి ఎర్రబడ్డ చెవులు, ఒకటి తర్వాత ఒకటి చూశాడు. "ఒక్కసారి పెన్ను అప్పివ్వు," అని తీసుకుని చివర రెండు మాటలు కలిపాడు: ఒంటరిగా వద్దు.

శాంపిల్ ఆ కార్డు అందుకుని, ల్యాబ్ రిపోర్టు చదివినట్టు పైనుంచి కిందిదాకా చదివాడు. "ఎన్నాళ్ళు వాడాలండీ ఈ మందు?" అన్నాడు నాన్నతో.

"నన్నడుగుతావేం బాబూ? ఇక్కడ మెకానిక్కు ఆవిడ."

అమ్మలు పెన్ను వెనక్కి తీసుకుని జేబుకి తగిలించుకుంది.

"చలి తగ్గాక కూడా," అంది.