దొరసాని కుట్టించిన కోట్లు

చీఫ్ ఫోటోను టేబుల్ మీద ముందుకు తోశాడు.

"గుర్తుపట్టగలవా?"

పట్టు గౌను, ముత్యాల దండ, చేతిలో షాంపేన్ గ్లాసు. మెడ మీది కాలిన మచ్చను మాత్రం ఆ ముత్యాలు పూర్తిగా కప్పలేకపోయాయి.

"దొరసాని," అంది ఏజెంట్ ఉడుత.

యుద్ధంలో ఆ ఇద్దరూ ఒకే దుప్పటి కింద పడుకున్నారు. అడవిలో కూడా అద్దం పెట్టుకుని తల దువ్వుకునేది కాబట్టి ఆమె దొరసాని. ఎంత ఇరుకు కంచెలోంచైనా దూరిపోయేది కాబట్టి ఈమె ఉడుత. దొరసాని బాంబులు పెట్టేది, ఉడుత శత్రువులు పెట్టినవి తీసేది. సంధి కుదిరాక మగవాళ్ళకు సైన్యంలో హోదాలొచ్చాయి. ఆడవాళ్ళకు తలా ఒక కుట్టుమిషన్ వచ్చింది. ఉడుతకు వచ్చిన సంబంధాలన్నీ "తుపాకి పట్టిన పిల్లా? అమ్మో!" అని గుమ్మంలోంచే వెనక్కి వెళ్ళాయి. వదిన తన పిల్లల్ని ఆమె పక్కన పడుకోనిచ్చేది కాదు. చివరికి గూఢచారి శాఖ పిలిచింది, అదీ టెంపరరీగా.

"విదేశీ ముఠా. సంధి వార్షికోత్సవంలో ఏదో చేయబోతోంది. దొరసాని మనకీ పనిచేస్తోంది, వాళ్ళకీ పనిచేస్తోంది. నిజంగా ఎవరి మనిషో తేల్చు." చీఫ్ ఒక లిప్‌స్టిక్ అందించాడు. "జామర్. మూత తిప్పితే చుట్టుపక్కల రిమోట్లు పనిచేయవు. బ్యాటరీ నిమిషం కూడా రాదు."

"కాస్త పెద్ద బ్యాటరీ పెట్టలేకపోయారా సార్?"

"బడ్జెట్."

వార్షికోత్సవం రోజు ఉదయం ఉడుత టైలర్ వేషంలో, మెడలో టేపు వేలాడేసుకుని హోటల్ గది తలుపు తట్టింది.

"నల్లదారం దొరకలేదు మేడమ్."

"తెల్లదే ఎక్కించు," అని కోడ్ పూర్తిచేస్తూ దొరసాని తలుపు తీసింది. "ఏమే, బతికే ఉన్నావా!"

గట్టిగా వాటేసుకుంది. సెంటు వాసన గుప్పుమంది. కిటికీలోంచి కింద పరేడ్ మైదానం కనిపిస్తోంది. అక్కడ ఒకేరకం నీలం కోట్లలో తమతో కలిసి పోరాడిన ఆడవాళ్ళు వరసలు కడుతున్నారు. ఇన్నాళ్ళకు తమనూ పిలిచారన్న సంబరంతో ఒకరి కాలరు ఒకరు సర్దుకుంటున్నారు.

"ఆ కోట్లు నేనే కుట్టించా," అంది దొరసాని.

"ఎవరు కుట్టించమన్నారు?"

"ముఠావాళ్ళే. అంచుల్లో ఉన్నది ఉత్త పొగమందేనే. కాస్త గందరగోళమైతే చాలన్నారు. నా కొడుకు వాళ్ళ దగ్గరున్నాడే. అడవిలో కన్నాను, సంధి నాడు క్యాంపులో తప్పిపోయాడు. పనయ్యాక ఇచ్చేస్తామన్నారు."

కుర్చీ మీద ఒక కోటు మిగిలి ఉంది. ఉడుత కత్తెరతో దాని అంచు విప్పి ఆమె ముక్కు దగ్గర పెట్టింది.

"నాకు ఈ విద్య నేర్పిందే నువ్వు. వాసన చూడు."

దొరసాని మొహం తిప్పుకుంది.

"చూడవే!"

చూసింది. పెదవుల మీది లిప్‌స్టిక్ తప్ప మొహంలో రంగన్నది లేకుండా పోయింది.

"ఇన్ని రోజులూ... కావాలనే చూడలేదే."

"పేలుడుమందే ఇది. చచ్చేదీ మనవాళ్ళే. పేల్చింది కూడా మనవాళ్ళేనంటారు. మళ్ళీ యుద్ధం."

పక్కగది తలుపు తెరుచుకుంది. ముఠా మనిషి, నల్ల కళ్ళజోడు. కుడిచేతిలో పిస్తోలు, ఎడమచేతిలో రిమోట్. కింద బ్యాండు మొదలైంది. నీలం కోట్లు వేదిక వైపు కదిలాయి.

ఉడుత లిప్‌స్టిక్ మూత తిప్పింది.

అతను మీట నొక్కాడు. ఏమీ కాలేదు. మళ్ళీ నొక్కాడు. లిప్‌స్టిక్ అడుగున ఎర్రదీపం మినుకుమినుకుమంటోంది. దొరసాని అతని మీదికి దూకి ఎడమ మణికట్టు కొరికేసింది. పిస్తోలు పేలి దొరసాని కూలిపోయింది. రిమోట్ జారి నేల మీద దొర్లింది. ఉడుత నేల మీద బోర్లా పడి దాన్ని అందుకుని, వెనకమూత గోటితో లేపి సెల్స్ ఊడబెరికింది. అప్పుడే ఎర్రదీపం ఆరిపోయింది. అతను మళ్ళీ గురిపెట్టేలోపు టైలర్ సంచిలోని ఇస్త్రీపెట్టె అతని నుదుట తగిలింది.

ఆసుపత్రిలో, ఆపరేషన్ గది బయట, చీఫ్ వచ్చి ఉడుత పక్కన నిలబడ్డాడు.

"బతుకుతుందన్నారు."

"లేవగానే కొడుకు గురించే అడుగుతుంది సార్. ముఠా దగ్గర వెతికించారా?"

"పిల్లాడు సంధి కుదిరిన ఏడాదే క్యాంపులో జ్వరంతో పోయాడు. మాకు ముందే తెలుసు."

"మరి ఆమెకు చెప్పలేదేం?"

"ఎలా చెబుతాం? మేమూ వాణ్ణే ఇస్తామన్నాం."

ఉడుత కిటికీ పక్క గోడకు ఆనుకుంది. కింద రోడ్డు మీద, కోట్లు విప్పించిన ఆడవాళ్ళను విచారణకని లారీలెక్కిస్తున్నారు. ఎందుకో వాళ్ళకెవరూ చెప్పినట్టు లేదు.

చీఫ్ గొంతు సవరించుకున్నాడు.

"ఇవాళ్టి పనికి నిన్ను పర్మనెంట్ చేయమని రాస్తాను. టైపింగ్ వచ్చా?"