గాలికొండ మీద ఉప్పు పొట్లం

రేపల్లె ప్యాసింజర్ తెనాలిలో ఖాళీ అయింది. కిటికీ పక్క సీట్లో ఏసుపాదం మాత్రం దిగలేదు. నిద్రపోయాడనుకుని స్వీపరు తట్టి లేపబోతే తల పక్కకి వాలిపోయింది. మెడ మీద సూది గుచ్చిన చుక్క. ఆ చుట్టుపక్కల ఇంటెలిజెన్స్ డిపార్ట్‌మెంట్‌కి కళ్ళూ చెవులూ అతనే.

మర్నాడు వైజాగ్‌లో బ్రీఫింగ్. చీఫ్ చలపతిరావు గొంతు తగ్గించి మాట్లాడారు.

"పోయేముందు ఏసుపాదం ఫోన్లో ఒక్క ముక్క చెప్పాడమ్మా. రేపు అరకు వెళ్ళే టూర్ బస్సులో ఒక మైక్రోచిప్ చేతులు మారుతుంది. మన సబ్‌మెరైన్ ఏ దారిన పోతోందో అంతా అందులో ఉంది. రాత్రికి అది రామాపురం తీరంలో పడవెక్కిందా, ఆ సబ్‌మెరైన్ ఇక పైకి తేలదు."

"ఇచ్చేదెవరు సార్? పుచ్చుకునేదెవరు?"

"తెలీదు. గైడ్ దేవిక మన ఏజెంటే, సాయం చేస్తుంది. ఇంకోటి..." ఆయన కళ్ళజోడు తీశారు. "మీ తమ్ముడు రోహిత్ ఆ సబ్‌మెరైన్‌లోనే ఉన్నాడు."

"సరే సార్," అంది హిమబిందు.

భర్త శ్రీకర్ ఒక మిషన్‌లో పోయినప్పటి నుంచీ ఆమెది అదే మాట. అన్నం తినమంటే సరే. ఒక్కసారి గట్టిగా ఏడవమంటే సరే. తినేదీ లేదు, ఏడ్చేదీ లేదు.

మర్నాడు అరకు బస్సులో ఆమెది రేపల్లె నుంచి వచ్చిన టూరిస్టు వేషం. ముతక శాలువా, స్టీలు ఫ్లాస్కు, చెవిదిద్దులో ట్రాన్స్‌మిటర్. బస్సు ఘాట్ రోడ్డెక్కగానే సిగ్నల్ పోయింది. లక్షలు పోసి చేయించిన ట్రాన్స్‌మిటర్ వట్టి దిద్దయి కూర్చుంది.

"ఏంటమ్మా, లోయ చూడవు?" అంది పక్క సీటులోని అమృతలూరు రాజమ్మ. "ఇంత దూరం వచ్చి ఒళ్ళో చేతులు చూసుకుంటావేంటి?"

"చూస్తున్నానండి."

చూసింది. మంచు, పచ్చటి కొండలు. క్యాలెండర్ బొమ్మలా ఉంది, అంతే.

గాలికొండ వ్యూ పాయింట్ దగ్గర బస్సు ఆగింది. ఎర్ర జాకెట్, నల్ల కళ్ళద్దాలు, చేతిలో మైకుతో దేవిక సినిమా తారలా దిగింది. ఉప్పూ కారం చల్లిన కీరా ముక్కలు అందరికీ పంచింది. మంకీ క్యాప్ పెట్టుకున్న బాపట్ల బట్టల వ్యాపారి బ్రహ్మానందానికి మాత్రం విడిగా ఒక చిన్న పొట్లం చాపింది.

"ఉప్పు తీసుకోండి సార్."

అతను చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "చేతికి ఉప్పిస్తారేంటమ్మా! గొడవలొస్తాయి. ఆ గోడ మీద పెట్టు."

"ఫర్వాలేదు సార్, పట్టుకోండి."

"పెట్టమంటుంటే! మా అమ్మ చూస్తే చీపురు తిరగేస్తుంది."

"ఆ మాత్రం తెలీదూ? ఎవరి పిల్లవమ్మా నువ్వు?" అని రాజమ్మ కూడా అందుకుంది.

దేవిక పళ్ళు కొరుక్కుంటూ పొట్లాన్ని పిట్టగోడ మీద పెట్టింది.

ఉప్పు చల్లిన ముక్కలకి మళ్ళీ ఉప్పెందుకు? ఇతనొక్కడికే ఎందుకు? అతని వెనకాల ఇంజన్ ఆపని ఆ కారెవరిది? హిమబిందు కాళ్ళు అప్పటికే కదిలాయి. బ్రహ్మానందం వేళ్ళు పొట్లానికి తగిలే క్షణంలో ఆమె అరచెయ్యి దాని మీద పడింది. ఉప్పులో గట్టిగా ఏదో తగిలింది.

దేశాన్ని అమ్మడానికి జంకనివాడు ఉప్పు చేతికి తీసుకోవడానికి జంకాడు.

మైకు కింద నుంచి దేవిక పిస్టల్ గొట్టం బయటికొచ్చింది. "వదిలెయ్. మీ ఆయనా ఇలాగే అడ్డమొచ్చాడు. ఏమైందో తెలుసుగా?"

కోపం వస్తుందేమోనని హిమబిందు ఒక్క క్షణం చూసింది. రాలేదు. ఫ్లాస్కులో కాఫీ మాత్రం ఇంకా వేడిగానే ఉంది. అది దేవిక మొహాన పడింది. మణికట్టు మెలితిరిగింది, పిస్టల్ లోయలోకి పోయింది.

కారు వైపు పరుగెత్తిన బ్రహ్మానందం రాజమ్మ చేతికర్రకి తట్టుకుని బోర్లా పడ్డాడు.

"పెద్దదాన్ని తోసుకుంటూ పోతావేంట్రా!"

బస్సు డ్రైవరు కబురంపితే వచ్చిన పోలీసు జీపు వైర్‌లెస్‌లో చీఫ్ గొంతు వినిపించింది. "చిప్ దొరికిందిగా, ఇక భయం లేదు. మీ తమ్ముడు బతికాడమ్మా."

"సరే సార్."

ఫ్లాస్కు మూత బిగించబోయింది. ఎంత తిప్పినా మరలు కలవలేదు. ఫ్లాస్కు రాజమ్మ చేతికిచ్చి, "కాస్త బిగించి పెట్టండి," అంది.

ముఠాని ఎక్కించుకుని జీపు వెళ్ళిపోయింది. బస్సులో జనం ఊరుకోలేదు.

"గైడ్‌ని పట్టుకుపోతే మాకు కొండలెవరు చూపిస్తారండి?"

హిమబిందు మైకు అందుకుంది.

"ఎడమ పక్క చూడండి. కొండ."

"తర్వాత?"

"కుడి పక్కా కొండేనండి."