మధ్యాహ్నం పన్నెండు గంటల గీత

"లోపల మనిషున్నదీ లేనిదీ చూసుకోకుండా లైటు తీసేస్తే ఎట్లారా?" తడి చేతులు తువ్వాలుతో తుడుచుకుంటూ స్నానాలగదిలోంచి బయటికొచ్చింది తల్లి.

"చప్పుడు వినపడలేదమ్మా. ఎవరూ లేరనుకున్నాను."

"చప్పుడు కోసం లోపల పాటలు పాడమంటావా?"

"నిన్న నేనుండగానూ తీసేశారు అత్తయ్యా," అంది కోడలు, టిఫిను డబ్బాలకి మూతలు పెడుతూ. "తలకి సబ్బు పెట్టుకుని ఉన్నాను. అరిచినా వినలేదు."

"రెండు నిమిషాల చీకటికి అత్తాకోడళ్ళు ఒకటైపోయారు," అంటూ కొడుకు మెల్లిగా జారుకోబోయాడు.

అతను ఒక ఫ్యాక్టరీలో స్టోర్సు సూపర్‌వైజరు. బేరింగులు ఎన్ని వచ్చాయి, ఎన్ని పోయాయి అని రోజంతా చూసి చూసి, ఇంటికొచ్చాక కూడా ఆ చూపు మార్చుకోలేడు. ఫ్రిజ్ తలుపు అర నిమిషం తెరిచి ఉంటే కుర్చీలోంచి లేచి వస్తాడు. పిసినారి కాడు. తల్లిదండ్రులకి ఏ లోటూ రానివ్వడు. లెక్క తేలకపోతే మాత్రం అతనికి అన్నం సహించదు.

వరండాలో పేపరు చదువుతున్న తండ్రి ఈ గొడవలో కల్పించుకోలేదు. ఆయన స్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. డెబ్బై దాటినా వెన్ను వంచకుండా కూర్చుంటారు. ఇంట్లో ఉన్నా ఇస్త్రీ చొక్కానే వేసుకుంటారు. నాలుగు నెలల క్రితం ఆపరేషన్ అయ్యాక సాయంత్రపు నడక మానేశారు. నీరసం అన్నారు. అందరూ నమ్మారు.

"ఇవాళ స్మార్ట్ మీటరు బిగించడానికి వస్తారమ్మా. అందుకే ఒక పూట సెలవు పెట్టాను," అన్నాడు కొడుకు.

"మనకొద్దురా. ఆ పాతది బాగానే తిరుగుతోందిగా."

"వద్దంటే ఊరుకోరు. వీధంతా మార్చేశారు."

"వాటిలోంచి ఏవో కిరణాలు వస్తాయట. మీ నాన్నకి మంచిది కాదు."

"నీ చేతిలో ఫోనుకంటే ఎక్కువేం రావు."

"గుర్రంలా పరిగెడుతుందట. ఎదురింటివాళ్ళు లబోదిబోమంటున్నారు."

"ఎదురింటాయన రెండు ఏసీలు కొనుక్కుని మీటరుని తిడుతున్నాడు."

ఒక్కో జవాబుకీ ఆవిడ మొహం ఇంకాస్త చిన్నబోయింది. కొడుకు బయటికి వెళ్ళాక కోడలి పక్కకి వచ్చి గొంతు తగ్గించింది. "అమ్మాయ్, ఏ గంటకి ఎంత కాలిందో కూడా వాడి ఫోనులో కనపడుతుందటగా?"

"కనపడుతుంది. మీ మధ్యాహ్నం సీరియళ్ళ సంగతి నేను చెప్పనులెండి," అని కోడలు నవ్వింది. కళ్ళజోళ్ళ దుకాణంలో ఉద్యోగం ఆమెది. అప్పటికే ఆలస్యమైంది. అత్తగారు నవ్వలేదని దారిలో సగం దూరం వెళ్ళాక గాని తట్టలేదు.

మీటరు బిగించడానికి అరగంట కూడా పట్టలేదు. పనివాడు స్క్రూడ్రైవరు సంచిలో పెట్టుకుంటుంటే ఆవిడ మంచినీళ్ళు తెచ్చిచ్చింది. "ఏం వాడామో కూడా ఇది చెప్పేస్తుందా నాయనా?"

"ఏం వాడారో చెప్పదమ్మా. ఎప్పుడు ఎంత వాడారో చెబుతుంది."

"మా వాడికి ఆ రెండూ ఒకటే," అంది ఆవిడ.

మూడు వారాలు గడిచాయి. ఒక ఆదివారం పొద్దున కొడుకు వంటింటి గుమ్మంలో ఫోను పట్టుకుని నిలబడ్డాడు. తెర మీద గంటకొకటిగా ఆకుపచ్చ గీతలు వరసగా ఉన్నాయి. పొద్దున పొట్టివి, సాయంత్రం కాస్త పెద్దవి. మధ్యాహ్నం పన్నెండు దగ్గర మాత్రం అన్నిటినీ మించి ఒకటి, రోజూ.

"ఆ టైముకి ఇంట్లో ఉండేది నువ్వూ నాన్నా. ఒక ఫాను, ఒక టీవీ. ఇంత కరెంటు ఎవరు వాడుతున్నారమ్మా?"

ఆవిడ కూర తరగడం ఆపలేదు.

"ఆదివారం ఈ గీత ఉండదు. సోమవారం రెట్టింపు ఉంటుంది. అంటే నేను ఇంట్లో ఉన్న రోజు జరగనిదేదో నేను లేని రోజు జరుగుతోంది." స్టోర్సులో సరుకు తగ్గినప్పుడు మనుషుల్ని అడిగే గొంతు అది. తను ఆ గొంతుతో మాట్లాడుతున్నానని అతనికి తెలియదు. "కిటికీలోంచి పక్కింటికి వైరు ఇస్తున్నావా?"

పక్కింట్లో ఒక దర్జీ ఆవిడ ఉంటుంది. భర్త పోయాక కుట్టుపని మీదే ఇల్లు నడుపుకుంటోంది. రెండిళ్ళ వంటగది కిటికీలూ ఎదురెదురు. చెయ్యి చాపితే గిన్నె అందుతుంది.

తల్లి ఒకసారి తండ్రి గది తలుపు వైపు చూసింది. కత్తి కింద పెట్టింది.

"అవును. ఇస్త్రీకి అడిగితే ఇచ్చాను."

"నాతో ఒక్క మాట చెప్పచ్చుగా."

"చెప్పలేదు. తప్పయిపోయింది, వదిలెయ్."

అతను వదల్లేదు. కిటికీ దగ్గరికి వెళ్ళి పిలిచాడు. దర్జీ ఆవిడ మెడలో టేపుతో, వేళ్ళకి సుద్దతో వచ్చి నిలబడింది.

"పిన్నిగారూ, మా ఇంట్లోంచి మీరు కరెంటు వాడుకుంటున్నారటగా."

ఆవిడ అతని భుజం మీదుగా తల్లిని చూసింది. అంతసేపు చూడవలసిన ప్రశ్న కాదది.

"అవును బాబూ," అంది చివరికి. "ఇక వాడను."

"అడిగితే నేనే ఇచ్చేవాణ్ణి. మా అమ్మని దొంగచాటు పనుల్లోకి లాగడం దేనికి?"

ఆవిడ మొహం ఎర్రబడింది. కిటికీ రెక్క దగ్గరికి లాక్కుంది. అది మూసుకునే లోపల, పొయ్యి దగ్గరున్న కోడలికి ఒకటి కనపడింది. లోపల బల్ల మీద ఇస్త్రీపెట్టె దీపం వెలుగుతోంది. దాని వైరు పోయింది ఆవిడ గోడకున్న స్విచ్చుబోర్డుకే.

అత్తగారు అప్పటికే పెరట్లోకి వెళ్ళి గోడకేసి తిరిగి నిలబడి ఉంది. కోడలు పక్కకి వెళ్ళింది.

"ఆవిడ ఒక్క రోజూ మన కరెంటు వాడలేదు కదా అత్తయ్యా?"

అత్తగారు గోడకేసి చూస్తూనే చెప్పింది. "మీ మామయ్యకి రాత్రిళ్ళు పక్క తడిసిపోతోందమ్మా. ఆపరేషన్ అయినప్పట్నుంచీ."

కోడలు ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది.

"మందులు వాడుతున్నాం. తగ్గడానికి టైము పడుతుందన్నాడు డాక్టరు. మీరు వెళ్ళగానే దుప్పట్లు మిషనులో వేస్తాను. ఇస్త్రీపెట్టెతో ఆరబెడితే మీరొచ్చేసరికి మడతలో ఉంటాయి. కొడుక్కి తెలిస్తే ఈ ఇంట్లో తలెత్తుకు తిరగలేనన్నారు. ఎవరికీ చెప్పనని మాటిచ్చాను."

"మరి పిన్నిగారికి?"

"మొదట్లో తీగ మీద చూసింది. నాలుగు రోజులు వరసగా దుప్పట్లే ఉంటే ఆడదానికి తెలియదూ? ఏమీ అడగలేదు. లోపల కట్టుకోమని ఒక తాడు ఇచ్చి వెళ్ళింది." కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "అలాంటి మనిషిని నేనివాళ దొంగని చేశాను."

మధ్యాహ్నం అన్నాలకి పిలిస్తే తండ్రి వెంటనే రాలేదు. రెండోసారి పిలిస్తే వచ్చి తన కుర్చీలో కూర్చున్నారు. ఆయన గది కిటికీ కూడా రెండిళ్ళ మధ్య సందులోకే ఉంటుందన్న సంగతి అప్పటిదాకా ఎవరికీ తట్టలేదు.

"రేపు ఆ కిటికీకి జాలీ కొట్టించేస్తాను," అన్నాడు కొడుకు అన్నం కలుపుతూ.

"అక్కర్లేదు," అన్నారు తండ్రి. "ఆ కరెంటు వాడింది నా కోసం."

"ఏవండీ, అన్నం ముందు ఇప్పుడెందుకు..."

"ఇప్పుడే చెప్పాలి." ఆయన కొడుకు వైపు తిరిగారు. "నాకు నీళ్ళు ఆగడం లేదురా. నిద్రలో తెలియడం లేదు. మీ అమ్మ రోజూ ఆ దుప్పట్లు ఉతికి ఆరబెడుతోంది. ఆదివారం నువ్వుంటావని మూటగట్టి సోమవారం దాకా దాస్తోంది."

కొడుకు చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. అంత పొడుగు గీతని చూపించి తల్లిని నిలదీసిన మాటలు ఒక్కొక్కటే వెనక్కి వస్తుంటే తల పైకెత్తలేకపోయాడు.

"నాతో ఎందుకు చెప్పలేదు నాన్నా?"

"నువ్వు తేడా వస్తే ఊరుకోవు. నాలో తేడా వచ్చిందని నీతో ఎట్లా చెప్పను?"

కొడుకు కళ్ళలోంచి నీళ్ళు జారి కంచంలో పడ్డాయి. తుడుచుకోవడానికి ఎడమ చెయ్యి కూడా లేవలేదు. "నేను అట్లాంటివాణ్ణా నాన్నా?" అన్నాడు. కోడలు మంచినీళ్ళ గ్లాసు అతని దగ్గరికి జరిపింది.

"నా కోసం మీ అమ్మ అబద్ధమాడింది. నా భార్య కాబట్టి ఆడింది," అన్నారు తండ్రి. "పక్కింటావిడ మనకేమవుతుంది? ఆవిడ చేత దొంగనని ఒప్పించి నేను మడత నలగని చొక్కా వేసుకుని తిరగనా?"

తల్లి మొహం చేతుల్లో దాచుకుంది. ఆయన ఆవిడ వైపు చూసి, గొంతు కాస్త తగ్గించారు.

"రేపట్నుంచి మిషను పొద్దున్నే వెయ్యి, అందరూ ఇంట్లో ఉండగానే. దుప్పట్లు పెరట్లో తీగ మీద ఆరతాయి. చూసేవాళ్ళని చూడనీ."

"తీగ మీద నేను వేస్తాను నాన్నా," అన్నాడు కొడుకు.

"వెయ్యి. ముందు అన్నం తిను. తిన్నాక మనిద్దరం పక్కింటికి వెళుతున్నాం. మాట్లాడేది నేను. నువ్వు నా పక్కన నిలబడు."