ఫోటోల్లో లేని మచ్చ

వచ్చిన అమ్మాయి కూర్చోలేదు. కుర్చీ వీపు పట్టుకుని నిలబడే మాట్లాడింది. మాట్లాడినంతసేపూ ఎడమ చెయ్యి గడ్డం మీదికి పోతూనే ఉంది. అక్కడ పెదవి కిందనుంచి దవడ దాకా పాత గాటు మచ్చ ఉంది.

"నర్సింగ్ కాలేజీలో సీటొచ్చిందండీ. వచ్చి పోయింది. సోషల్ మీడియాలో దొంగ ఫోటోలు పెట్టి మోసం చేశానంటున్నారు. అసలు నాకు అకౌంటే లేదు. ఎవరో నా పేరుతో పెట్టి నన్ను నిలువునా ముంచారు."

డిటెక్టివ్‌ని అందరూ కళ్ళజోడు గారంటారు. కళ్ళజోడు నుదుటిమీద పెట్టుకుని దానికోసం టేబులంతా వెతకడం ఆయన అలవాటు. ఎదుటివాడి అబద్ధాన్ని ఇట్టే పట్టే మనిషి సొంత కళ్ళజోడు పట్టుకోలేకపోవడం ఏమిటని అసిస్టెంటు మురిపెంగా విసుక్కుంటుంది.

అసిస్టెంటు ఆ అకౌంట్ తెరిచింది. ఒక ఫోటోలో అమ్మాయి వృద్ధాశ్రమంలో ఓ ముసలామెకు గంజి తాగిస్తోంది. ఇంకోదానిలో ఒక తాతగారి కాలికి కట్టు కడుతోంది. అన్నిటిలోనూ మొహం మనవైపే, నవ్వుతూ.

"ఎంత చక్కగా ఉన్నావమ్మా!" అంది అసిస్టెంటు.

"ఆ వృద్ధాశ్రమం గడప కూడా తొక్కలేదండీ నేను."

కళ్ళజోడు గారు ఫోటో చూశారు, అమ్మాయిని చూశారు. కళ్ళజోడు కిందికి దించి మళ్ళీ ఫోటో చూశారు.

"ఎవరి మీదైనా అనుమానమా?"

"నా తర్వాత లిస్టులో ఉన్నది నా స్నేహితురాలేనండీ. చిన్నప్పట్నుంచీ ఒకే బెంచీ. దాన్ని అనుమానించాలంటే మనసొప్పట్లేదు. కానీ ఇంకెవరుంటారు?"

కాలేజీలో అడ్మిషన్ల అధికారి మర్యాదస్తుడే. "మార్కులు అందరికీ వస్తున్నాయండీ. మనిషి ఎలాంటిదో తెలియాలిగా. అందుకే వాళ్ళ పోస్టులు కూడా చూస్తాం."

"ఈ అమ్మాయి మీద ఎవరైనా ఫిర్యాదు చేశారా?"

"లేదండీ. ఆ ఫోటోలు చూసి ముచ్చటేసి మేమే ఆశ్రమానికి ఫోన్ చేశాం. అలాంటి అమ్మాయి ఎప్పుడూ రాలేదన్నారు. ఆ అకౌంట్ ఎవరిదో రేపు సాయంత్రంలోగా తేలిస్తే కమిటీకి చెప్తాను. ఆ తర్వాత సీటు వేరేవాళ్ళకి వెళ్ళిపోతుంది."

స్నేహితురాలు సంగతి వినగానే భగ్గుమంది. "అది నన్ను అనుమానించిందా? ఇదిగో నా ఫోన్, మొత్తం వెతుక్కోండి!" ఫోన్ నిండా ఇద్దరి ఫోటోలే. పళ్ళికిలిస్తూ, నాలుకలు చాపుతూ, గడ్డం మీద మచ్చతో సహా.

బయటికి రాగానే "నటన బాగుంది సార్" అంది అసిస్టెంటు.

"నటన కాదమ్మా. నటనైతేనే బాగుండేది." ఆయన గొంతులో ఎప్పుడూ ఉండే హుషారు లేదు.

అమ్మాయి ఇల్లు తండ్రి ఫోటో స్టూడియో వెనకే. తల్లి లేదు. స్టూడియో గోడంతా కూతురి ఫోటోలే, బోసినవ్వు నుంచి కాలేజీ వయసు దాకా.

"కూర్చోండి సార్. మా దగ్గరికి మొటిమలతో వచ్చినవాళ్ళు కూడా నున్నటి మొహంతో వెళ్తారు" అన్నాడు తండ్రి లెన్స్ తుడుస్తూ. నవ్వాడు గానీ ఆ నవ్వు నిలవలేదు.

"అమ్మాయికి ఆ దెబ్బ ఎప్పుడు తగిలింది?"

తుడుస్తున్న చెయ్యి ఆగింది. "ఐదేళ్ళప్పుడండీ. లైటు స్టాండు మొహం మీద పడింది. నేనే సరిగ్గా బిగించలేదు."

కళ్ళజోడు గారు గోడవైపు చాలాసేపు చూసి లేచారు.

మర్నాడు మధ్యాహ్నం ఆ స్టూడియోలోనే అందరినీ కూర్చోబెట్టారు. స్నేహితురాలు దూరంగా, అమ్మాయివైపు చూడకుండా కూర్చుంది. అధికారి గడియారం చూసుకుంటున్నాడు.

"నేను శత్రువు కోసం వెతికాను" అన్నారు కళ్ళజోడు గారు. "కానీ ముంచడానికి పెట్టినవాడైతే ఫిర్యాదు కూడా చేస్తాడు. ఇక్కడ ఎవరూ చెయ్యలేదు. రెండోది, స్నేహితురాలి ఫోన్లో ప్రతి ఫోటోలోనూ ఈ మచ్చ ఉంది. ఆ అకౌంట్లో ఒక్కదానిలోనూ లేదు. పగవాడు మచ్చ పెంచుతాడు గానీ ఓపిగ్గా కూర్చుని చెరపడు. ఇక ఈ గోడ చూడండి. అమ్మాయికి ఐదేళ్ళు దాటాక తీసినవి కూడా ఉన్నాయి. మచ్చ ఏదీ?"

అందరూ గోడవైపు చూశారు. తండ్రి మాత్రం నేలవైపు చూస్తున్నాడు.

"నాన్నా?" అంది అమ్మాయి.

"కాలేజీవాళ్ళు పోస్టులు కూడా చూస్తారట, నాకేమో అకౌంటే లేదని నువ్వు ఆ రోజు దిగులుపడ్డావు కదమ్మా. ఖాళీగా ఉంటే తక్కువగా చూస్తారేమో అనుకున్నా. ఆ మధ్య ఆశ్రమంలో నేను తీసిన ఫోటోల్లో నిన్ను అతికించి, నీ పేరుతో అకౌంట్ తెరిచి పెట్టా. మోసమనే అనుకోలేదు బంగారం. అందరి ఫోటోలూ బాగుచేస్తాను కదా, నీవి కూడా అంతే అనుకున్నా. సీటు పోయాక చెప్పడానికి నోరు రాలేదు."

అధికారి గొంతు సవరించుకున్నాడు. "అమ్మాయి తప్పు లేదని రాస్తాను. వచ్చే ఏడు మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవచ్చు. కానీ తండ్రి చేసినా అమ్మాయి తరఫున చేసినట్టేనంటుంది కమిటీ. ఈ ఏడు సీటు ఇవ్వరు."

"ఆ పిల్ల రాసిన పరీక్ష మీ చేతిలోనే ఉంది. మీరు వాళ్ళ నాన్న పనితనానికి మార్కులేశారు" అన్నారు కళ్ళజోడు గారు.

"నాకు ఆ సీటొద్దు" అంది స్నేహితురాలు.

"తీసుకోవే. నువ్వైనా వెళ్ళు. నిన్ను అనుమానించాను చూడు, దానికే ఎక్కువ బాధగా ఉంది." స్నేహితురాలు తల తిప్పుకుంది గానీ లేచి వెళ్ళిపోలేదు.

అమ్మాయి వెళ్ళి కెమెరా ముందు స్టూలు మీద కూర్చుంది. చెయ్యి గడ్డం మీదికి పోబోతే ఒళ్ళో పెట్టుకుంది.

"వచ్చే ఏడు దరఖాస్తుకి ఫోటో కావాలి నాన్నా. తియ్యి."

తండ్రి తీశాడు. ఫోటో కంప్యూటర్ తెరమీదికి రాగానే అలవాటుగా ఆయన చెయ్యి మౌస్ మీదికి పోయింది. కూతురు పక్కనే వచ్చి నిలబడింది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని, ఇన్నేళ్ళకి కూతురి మొహం మొత్తం చూశాడు.