అంచున పెన్సిల్ ప్రశ్న

తలుపు తట్టిన తీరులోనే, వచ్చినవాళ్ళు బాగా భయపడి ఉన్నారని మేనకోడలికి తెలిసిపోయింది. తీసి చూస్తే ఒక కాలేజీ అమ్మాయి. చంకలో కాగితాల కట్ట, మొహంలో నిద్రలేమి.

"భూతద్దం గారిల్లు ఇదేనా అండీ?"

"ఇదే. అయితే ఆయన దగ్గర భూతద్దం ఉండదు, ముందే చెబుతున్నా."

లోపల కుర్చీలో ఉన్న మావయ్య నవ్వాడు. ఎవరికీ అంతుపట్టని చిక్కులు విప్పుతాడని ఊరు పెట్టిన పేరది. ఆయనకున్న పనిముట్టల్లా ఓపికేనని, సంచి పట్టుకుని ఆయన వెంట తిరిగే మేనకోడలి నమ్మకం.

అమ్మాయి గుక్క తిప్పుకోకుండా చెప్పింది. ఆమె చదివేది చరిత్ర. ఊళ్లోకి కుళాయిలు ఎలా వచ్చాయో పరిశోధించి వ్యాసం రాసింది. కాలేజీ లైబ్రరీలో ఆ విషయం మీద ఒక పాత సిద్ధాంత గ్రంథం ఉంది. అచ్చు కాలేదు, ఉన్నది ఒకటే ప్రతి. బావులు ఎండిపోవడం వల్ల కుళాయిలు వేశారని అందులో రాసి ఉంది. ఆ పేజీ అంచున మాత్రం ఎవరో పెన్సిల్‌తో ఒక ప్రశ్న వేశారు: 'నీళ్లు మోసినవాళ్లను ఎవరైనా అడిగారా?'

"ఆ ఒక్క ముక్క నన్ను కూర్చోనివ్వలేదండీ. వీధి వీధీ తిరిగి ముసలమ్మలను అడిగాను. బావులు ఎండనే లేదట! ఇక మొయ్యలేమని ఆడవాళ్లంతా బిందెలు బోర్లించి కూర్చున్నారట."

"భలే! మరి చిక్కెక్కడ?"

"ఈ ప్రశ్న నాది కాదు, ఫలానా పుస్తకం ఫలానా పేజీ అంచున ఎవరో వేసిందని వ్యాసం అడుగున రాశాను. ఇప్పుడు ఆ పుస్తకమే కనబడటం లేదు. రేపు మధ్యాహ్నంలోగా చూపించకపోతే ఆధారం కల్పించానని రాసేస్తామన్నారు శాఖాధిపతి గారు. అదే జరిగితే నా పై చదువు అక్కడితో సరి."

"ఎక్కడెక్కడ వెతికావమ్మా?"

"దాని అరలో, పక్క అరల్లో, తిరిగొచ్చిన పుస్తకాలు పెట్టే బల్ల మీద."

"ఉండాల్సిన చోట్లన్నీ వెతికావన్నమాట. నీ వ్యాసం ఎవరెవరు చదివారు?"

"మా గైడు మాస్టారు, శాఖాధిపతి గారు. అంతేనండీ."

మర్నాడు పొద్దున్నే ముగ్గురూ లైబ్రరీకి వెళ్లారు. పొడవాటి గది, ఎత్తైన కిటికీలు, పాత కాగితం వాసన. "ఆ పుస్తకం ఎవరికీ ఇంటికివ్వం. గుమ్మం దగ్గర సంచులు విప్పి చూడనిదే పంపరు. నా టిఫిన్ డబ్బానీ వదలరు," అంది లైబ్రేరియన్.

పక్కనే అటెండరు ఒక పుస్తకం మీద వంగి, పేజీలు రబ్బరుతో తుడుస్తున్నాడు. అందరూ ఆయన్ని రబ్బరు తాత అంటారు.

"పిచ్చిగీతలున్న పుస్తకం నా చేతిలో పడిందంటే అద్దమే బాబూ! శాఖాధిపతి గారి ముందుకెళ్లేదని మీరు వెతికే పుస్తకాన్నీ తుడిచి తెమ్మన్నారు ఈ లైబ్రరీ అమ్మగారు. వెళ్తే అరలో లేదు."

"తుడిచేసేవాడివా తాతా!" అమ్మాయి గుండె మీద చెయ్యి వేసుకుంది.

గది చివర కిటికీ కింద గైడు మాస్టారు ఒక్కరే కూర్చుని ఉన్నారు. చేతిలో పశువైద్యం పుస్తకం. పేజీ తిరగడం లేదు.

"భార్య పోయాక ఆయనకి ఇంట్లో కాలు నిలవడం లేదు, పాపం," అంది లైబ్రేరియన్ గొంతు తగ్గించి. "ఈమధ్య రోజూ ఆ మూలే. చరిత్ర మాస్టారికి గేదెల జబ్బులతో ఏం పనో!"

భూతద్దం వెళ్లి పలకరించాడు. "బంగారం లాంటి పిల్లండీ. దానికి అన్యాయం జరక్కూడదు," అన్నారు మాస్టారు. చూపు మాత్రం దూరంగా తాత చేతిలో ఉన్న రబ్బరు మీదే ఉంది.

మధ్యాహ్నం శాఖాధిపతి వచ్చారు. అందరినీ ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టి, భూతద్దం నెమ్మదిగా మొదలుపెట్టాడు.

"పుస్తకం గుమ్మం దాటలేదు. కాబట్టి ఇది దొంగతనం కాదు, దాచడం. దాంట్లో ఉన్నదల్లా ఎవరికీ పట్టని పాత చదువూ, ఒక పెన్సిల్ ప్రశ్నా. ఆ ప్రశ్న సంగతి వ్యాసం చదివినవాళ్లకే తెలుసు. అమ్మాయికి పుస్తకం దొరికితే చాలు. శాఖాధిపతి గారికి దాన్ని చూస్తేగానీ తీర్పు చెప్పడం కుదరదు. ఇక మిగిలింది ఒక్కరు. ఆయనకి అమ్మాయి మీద కోపం లేదు, రబ్బరంటేనే భయం."

ఆయన లేచి, మాస్టారు రోజూ కూర్చునే మూలకెళ్లి, అక్కడి పశువైద్యం అరలో రెండు లావుపాటి పుస్తకాలు జరిపి, వెనక నుంచి ఒక నల్ల అట్ట పుస్తకం తీసి బల్ల మీద పెట్టాడు.

మాస్టారు దాని మీద చెయ్యి వేశారు. "మా ఆవిడ రాత. ఇక్కడే చదువుకుంది, పరిశోధన సగంలో ఆగిపోయింది. వ్యాసంలో ఆ ముక్క చదవగానే, రాత చూడకముందే గొంతు వినబడింది. ఇంట్లో తను వాడిన వస్తువులన్నీ ఉన్నాయండీ. రోజూ ప్రశ్నలతో నా ప్రాణం తీసేది. ఇప్పుడు నన్ను అడిగేవాళ్లే లేరు."

"నాతో ఒక్క మాట చెప్పొచ్చు కదా మాస్టారూ," అంది అమ్మాయి. కోపంగా అందామనుకున్న మాట మెత్తగానే వచ్చింది.

"రేపు పెట్టేద్దాం, రేపు పెట్టేద్దాం అనుకుంటూనే ఉన్నానమ్మా. తప్పే."

శాఖాధిపతి ఆ పేజీ తీసి చదివారు. ముక్కు మీది కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "నాకైనా చెప్పొచ్చుగా! నేనేం పులినా? అమ్మాయ్, నీ వ్యాసానికి ఢోకా లేదు. తాతా, దీని జోలికి రాకు."

మేనకోడలు హమ్మయ్య అనుకుంది. అంతలో అమ్మాయి మెల్లగా అడిగింది: "ఆవిడ ఇక్కడ ఇంకా చాలా చదివి ఉంటారు కదా మాస్టారూ? పక్క పుస్తకాల్లో కూడా రాసే ఉంటారు."

మాస్టారి మొహం వెలిగింది. తాత మొహం వాడిపోయింది.

"ఆ వరసంతా నేనే తుడిచేశాను బాబూ," అన్నాడు తాత. చేతిలో రబ్బరు ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకి తెలియలేదు.

భూతద్దం వెళ్లి ఆ వరసలోంచి ఒక పుస్తకం తీశాడు. కిటికీ దగ్గర నిలబడి, ఒక్కొక్క పేజీనే ఎండకి ఏటవాలుగా పట్టి చూస్తూ పోయాడు. చివరికి ఒకచోట ఆగాడు.

"రబ్బరు నలుపునే తీసుకుపోతుంది తాతా. నొక్కి రాసిన నొక్కు కాగితంలోనే ఉంటుంది. రండి మాస్టారూ."

తెల్లటి అంచు మీద, నీడతో చేసిన అక్షరాలు సన్నగా లేచాయి. మాస్టారు పెదవులు కదిపి చదివారు: 'ఇది నీకెవరు చెప్పారు?'

ఆయన నవ్వబోయారు. నవ్వు సగంలోనే తడిసిపోయింది. "ఇంట్లోనూ ఇంతే," అన్నారు.

తాత అప్పటికే అర దగ్గరికి వెళ్లి, చేతి నిండా పుస్తకాలు ఎత్తుకుని వస్తున్నాడు.

"తొందరగా చూడండి బాబూ," అన్నాడు. "ఎండ ఇటు ఉండగానే."