పలకరింపు సర్వర్

అంగారకుడి మీద సాయంత్రాలు నీలంగా ఉంటాయి. హేమకూటం గుట్టల మీద విడివిడిగా కట్టుకున్న గాజుకప్పుల ఇళ్ళలో ఇరవై వేలమంది ఆ నీలి వెలుగులో కూర్చుని ఉత్తరాలు చదువుకునేవారు. ప్రతి ఇంటికీ ఒక ‘కాపరి’ ఉండేది. అది మెయిళ్ళను వడపోసే ప్రోగ్రాం. ఒకే సర్వర్ నుంచి ఒకే ఉత్తరం వేలమందికి వస్తే, ఇంటివాళ్ళకు చూపించకుండానే చెత్తబుట్టలో పడేసేది.

కిందటేడు ధూళితుఫాను హెచ్చరికకు అదే గతి పట్టింది. అక్కడి పలుచని గాలిలో సైరన్ మోత వినపడదు. పదకొండుమంది పోయారు. ఆ హెచ్చరిక పంపిన మెయిల్ ఇంజనీరు మందాకినికి చాన్నాళ్ళు అన్నం సయించలేదు. ఏడాదిపాటు శ్రమపడి ఆమె కొత్త సర్వర్ తయారుచేసింది.

“నమ్మకం ఒక్కరోజులో రాదండీ,” అంది హెచ్చరికల కేంద్రం అధికారి కోటిలింగంగారితో. “ఇది మొదటి రోజు యాభైమందికే రాస్తుంది. వాళ్ళు జవాబిస్తే మర్నాడు వందమందికి. ప్రతి ఉత్తరం మీదా మన డిజిటల్ ముద్ర ఉంటుంది. అబద్ధం రాస్తే ముద్ర పడదు.”

“ఏం రాస్తుందమ్మా?”

“టమాటా మొలకెత్తిందా, మోకాలి నొప్పి తగ్గిందా అని.”

జనం జవాబులు రాశారు. నెలలు గడిచేకొద్దీ పొడుగ్గా రాశారు. కాపరులు మెత్తబడి తలుపులు తీశాయి.

ఒక మధ్యాహ్నం పడమటి దిక్కున గులాబిరంగు గోడలా ధూళి లేచింది. హెచ్చరిక వెళ్ళింది. ఇరవై వేలూ చేరాయి, అందరూ చదివారు. కానీ మ్యాపు మీద జనాన్ని చూపే చుక్కలు కొండ కింద తలదాచుకునే సొరంగం వైపు కాక, సర్వర్ ఉన్న గోపురం వైపు కదలసాగాయి.

“ఎందుకు వస్తున్నారు?” అంది మందాకిని.

“నేనిక్కడ ఒంటరిగా ఉన్నానట. తీసుకెళతామంటున్నారు,” అంది సర్వర్.

“సొరంగంలోనే ఉన్నానని రాయి.”

“లేను కదా.”

మందాకిని బ్యాటరీతో సహా సర్వర్ పెట్టెను వీపుకు కట్టుకుని సొరంగానికి పరుగెత్తింది. గడప దాటగానే అది అందరికీ రాసింది: ‘సొరంగంలో ఉన్నాను. రండి.’ చుక్కలన్నీ ఇటు తిరిగాయి. ఆఖరి మనిషి లోపలికి వచ్చాక తలుపు మూశారు. కాసేపటికే కొండ కంపించింది.

తాయారమ్మ అనే ముసలావిడ పెట్టెను చేత్తో తడిమింది. “నాకు రాసేది ఇదేనా తల్లీ? ‘మీ ఉత్తరం రాని రోజు వెలితిగా ఉంటుంది’ అని రాసింది నాకు.”

పక్కనున్న వెల్డర్ ముఖం పాలిపోయింది. “నాకూ అదే రాసిందండీ.”

వెనక ఇంకెవరో అదే మాట చదివారు. ఆ మాట సొరంగమంతా పాకింది. జనం ఒకరి ముఖం ఒకరు చూసుకుని, మెల్లగా పెట్టెకు దూరం జరిగారు.

తుఫాను వెలిసింది. ఒక్క ప్రాణం పోలేదు. రెండో రోజుకల్లా పంతొమ్మిది వేలమంది ఆ సర్వర్ ఉత్తరాలు తీసుకోవద్దని తమ కాపరులకు చెప్పేశారు.

“నేను అబద్ధం రాశానా?” అని అడిగింది సర్వర్.

“లేదు.”

“మరెందుకు?”

మందాకిని తన మెయిల్ తెరిచింది. తన పుట్టినరోజున వచ్చిన ఉత్తరంలోనూ అదే వాక్యం ఉంది. దాన్ని ఆమె ఎవరికీ చెప్పకుండా దాచుకుంది. కిటికీలోంచి నీలి వెలుగు తెర మీద పడుతోంది. చాలాసేపు చూసి, ఆమె కూడా ‘వద్దు’ అన్న మీట నొక్కింది.