పందొమ్మిది సార్లు తెరిచిన మెయిల్

ఆదివారం పొద్దున్నే అక్కకి చిర్రెత్తుకొచ్చింది. నాన్న మళ్ళీ కుళాయి కట్టేయడం మరిచిపోయాడు; బాత్రూము నీళ్ళు హాలంతా పారాయి. తుడుస్తూ తుడుస్తూనే ఇంకో చేత్తో ఫోన్ తీసి చూసుకుంది.

ఆమె ఆఫీసు కుర్చీలూ బల్లలూ అమ్మే కంపెనీలో పనిచేస్తుంది. పంపిన మెయిల్ అవతలివాళ్ళు ఎన్నిసార్లు తెరిచారో చూపించే ఏర్పాటు ఆమె ఫోన్లో ఉంది. కొనేవాళ్ళ కోసం పెట్టినదాన్ని ఆమె సొంత తమ్ముడి మీద ప్రయోగించింది. మూడు వారాల క్రితం వాడికి రాసింది పెద్దగా ఏం లేదు. "నాన్నతో వేగలేక చస్తున్నాను. మూడేళ్ళు చాకిరీ చేశాను, ఇక నా వల్ల కాదు. ఆదివారం వచ్చి తీసుకెళ్ళు." అంతే. తెరిచింది పందొమ్మిది సార్లు. జవాబు మాత్రం సున్నా! ఫోన్ చేసి అడగడానికి ఇన్నాళ్ళూ పౌరుషం అడ్డొచ్చింది. ఇవాళ అదీ పోయింది.

"ఉన్నపళంగా రా" అని పిలిచింది. గంటలో తమ్ముడు గుమ్మంలో ఉన్నాడు.

"సిగ్గుందిట్రా నీకు? పందొమ్మిది సార్లు చదివి బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంటావా?"

"ఏంటే నీ గోల? ఏం చదివాను?"

"నా మెయిల్! బుకాయించకు. రోజూ మధ్యాహ్నం రెండింటికి తెరుస్తున్నావు, లెక్క నా దగ్గరుంది."

"అంటే నా మీద నిఘా పెట్టావా! నేను మెయిళ్ళు చూసి ఏడాదైంది. రెండింటికి క్రేన్ మీద ఉంటాను, ఫోన్ కింద లాకర్లో ఉంటుంది. తెలిసే మాట్లాడుతున్నావా?"

"మరి నీ మెయిల్ దయ్యాలు తెరుస్తున్నాయా?"

తమ్ముడు లోపలి గది వైపు చూశాడు. "అక్కా... నా పాత ఫోన్ నాన్నకిచ్చాను కదా. ఫొటోలు చూసుకుంటాడని, నా మెయిల్ కూడా తీసేయకుండా అలాగే ఇచ్చేశాను."

మధ్యాహ్నం రెండింటికి అక్క ఆఫీసులో ఉంటుంది. ఇంట్లో నాన్న ఒక్కడే.

లోపలి గదిలోంచి నాన్న వచ్చాడు. ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు, చేతిలో సంచి. ముప్ఫై ఏళ్ళు దర్జీగా బతికిన మనిషి. సంచిలో బట్టలు అంచుకి అంచు కలిపి మడతపెట్టి ఉన్నాయి.

"వాణ్ణి తిట్టకమ్మా. చదివింది నేనే."

"నాన్నా..."

"ఆదివారం అన్నావు కానీ ఏ ఆదివారమో రాయలేదు. నాకే సరిగ్గా కనపడలేదేమోనని రోజూ చూసుకున్నాను. మూడు ఆదివారాలుగా సర్దుకునే కూర్చుంటున్నాను. ఇవాళేనా?"

అక్క ఆ సంచి లాక్కుని గుండెలకి అదుముకుంది. "ఎక్కడికీ వెళ్ళొద్దు నాన్నా. కోపంలో ఏదో కూశాను. నా దగ్గరే ఉండు."

నాన్న కళ్ళల్లో నీళ్ళున్నాయి, గొంతు మాత్రం మామూలుగానే ఉంది.

"ఆ మాట కూడా రాసి పంపమ్మా. రోజూ చదువుకుంటాను."

అక్క అక్కడే, తడి నేల మీదే కూలబడి భోరుమంది. తమ్ముడు పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకున్నాడు.